బీపీ అంకె నిజం చెప్పాలంటే

బీపీ అనే మాట వినని ఊరు ఇప్పుడు లేదు. రచ్చబండ దగ్గర వింటాం. కొళాయి దగ్గర వింటాం. "మా అత్తకు బీపీ ఉంది" అని ఒకరంటారు. "మా ఆయనకు బీపీ పెరిగింది" అని ఇంకొకరంటారు. కోపం వస్తే "నా బీపీ పెంచకు" అని కూడా అంటాం.

బీపీ చూసే మిషన్లు ఇప్పుడు ఇళ్లలోకి కూడా వచ్చాయి. పట్నంలో ఉన్న కొడుకో కూతురో కొని పంపుతారు. పట్టీ చుట్టి మీట నొక్కితే చాలు. అంకెలు కనబడతాయి. అంకెలు చదవడం మనకు వచ్చు. మరి ఆ అంకె నిజమేనా? అది ఎలా తెలుస్తుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బీపీ అంటే ఏమిటి?

మన గుండె ఒక పంపు లాంటిది. అది రక్తాన్ని ఒళ్లంతా పంపుతుంది. రక్తం గొట్టాల్లో పారుతుంది. ఆ గొట్టాలనే రక్తనాళాలు అంటారు. పారే రక్తం నాళాల గోడలను నెడుతుంది. ఆ నెట్టుడే రక్తపోటు. దాన్నే మనం బీపీ అంటున్నాం.

బీపీ అందరికీ ఉంటుంది. ఉండాలి కూడా. అది లేకపోతే రక్తం పారదు. ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉంటేనే జబ్బు.

బీపీకి రెండు అంకెలు ఉంటాయి. గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పుడు పోటు పెరుగుతుంది. అది పై అంకె. గుండె వదులైనప్పుడు పోటు తగ్గుతుంది. అది కింది అంకె. 120, 80 అని రాసి ఉంటే పై అంకె 120, కింది అంకె 80 అన్నమాట.

చెప్పకుండా వచ్చే జబ్బు

జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. పన్ను పుచ్చితే నొప్పి పుడుతుంది. బీపీ పెరిగితే చాలామందికి ఏమీ తెలియదు. తలనొప్పి ఉండదు. కళ్లు తిరగవు. పొలం పని, ఇంటి పని మామూలుగానే చేసుకుంటారు. లోపల మాత్రం రక్తనాళాలు గట్టిపడుతుంటాయి. గుండె మీద భారం పడుతుంటుంది. మూత్రపిండాలు చెడుతుంటాయి. ఒకరోజు ఉన్నట్టుండి పక్షవాతం వస్తుంది. లేదా గుండెపోటు వస్తుంది.

ప్రపంచంలో బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమకు అది ఉన్నట్టే తెలియదు. ఈ మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అందుకే ఈ జబ్బును అంకె చూసే తెలుసుకోవాలి. "నాకు బాగానే ఉంది" అనే మాట పనికిరాదు. అంకెను నమ్మాలంటే అంకె నిజమై ఉండాలి.

అంకె తప్పితే ఏమవుతుంది?

ఒక ఆమెకు నిజంగా బీపీ ఎక్కువ ఉంది. కొలత తప్పడం వల్ల తక్కువ కనబడింది అనుకుందాం. "నాకు తగ్గిపోయింది" అని ఆమె మాత్రలు మానేస్తుంది. నాలుగు నెలల తరవాత చెయ్యి, కాలు పడిపోవచ్చు.

ఇంకొక ఆమెకు బీపీ మామూలుగానే ఉంది. కొలత తప్పడం వల్ల ఎక్కువ కనబడింది అనుకుందాం. అక్కరలేని మాత్రలు వేసుకుంటుంది. బీపీ మరీ పడిపోతుంది. కళ్లు తిరిగి బావి దగ్గరో పొయ్యి దగ్గరో పడిపోవచ్చు.

రెండూ ప్రమాదమే. రేషను షాపులో కాటా తప్పితే బియ్యం తగ్గుతాయి. బీపీ కొలత తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

బీపీ కొలవడం ఎలా మొదలైంది?

1733లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక గుర్రం సంగతి ఉంది. ఆయన గుర్రం రక్తనాళానికి పొడుగాటి గాజు గొట్టం పెట్టాడు. రక్తం గొట్టంలో ఎనిమిది అడుగుల పైకి లేచింది. పోటుకు అంత బలం ఉంది!

మనుషులకు అలా చెయ్యలేం కదా. 1896లో ఇటలీ డాక్టరు రివా రోచి చేతికి చుట్టే పట్టీ తయారుచేశాడు. 1905లో రష్యా డాక్టరు కొరొట్కాఫ్ నాళం మీద గొట్టం పెట్టి చప్పుడు వినే పద్ధతి చెప్పాడు. డాక్టర్లు చెవులకు గొట్టం పెట్టుకుని బీపీ చూసేది ఆ పద్ధతే.

నీళ్లకు బదులు పాదరసం వాడారు. పాదరసం నీళ్లకన్నా 13 రెట్లకు పైగా బరువు. అందుకే అది ఎక్కువ ఎత్తు లేవదు. బీపీ 120 అంటే పాదరసం 120 మిల్లీమీటర్లు లేచిందని అర్థం.

ఇంట్లో వాడే కరెంటు మిషనులో పాదరసం ఉండదు. పట్టీ గాలితో ఉబ్బుతుంది. చేతి నాళాన్ని నొక్కి మూస్తుంది. తరవాత మెల్లగా వదులుతుంది. రక్తం మళ్లీ పారేటప్పుడు నాళం అదురుతుంది. ఆ అదురును మిషను పట్టుకుని అంకె చూపిస్తుంది.

ఎలాంటి మిషను కావాలి?

మోచేతికి పైన, దండచేతికి పట్టీ చుట్టే మిషను మంచిది. మణికట్టుకు కట్టేది ఉంటుంది. వేలికి పెట్టేది కూడా ఉంటుంది. వాటిని అంత నమ్మలేం.

పట్టీ కొలత చాలా ముఖ్యం. జాకెట్టు కుట్టేటప్పుడు చేతి చుట్టుకొలత తీస్తాం కదా. ఇక్కడా అంతే. కుట్టు టేపు తీసుకోండి. భుజానికీ మోచేతికీ నడిమధ్యన చుట్టి కొలవండి. సెంటీమీటర్లలో చదవండి. ఎంత లావు చేతికి ఆ పట్టీ సరిపోతుందో పట్టీ మీదనే రాసి ఉంటుంది. చాలా పట్టీల మీద 22 నుంచి 32 అని ఉంటుంది. మీ చెయ్యి 35 ఉంటే ఆ పట్టీ మీకు చాలదు. పెద్ద పట్టీ కావాలి.

లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. సన్న చేతికి పెద్ద పట్టీ చుడితే తక్కువ చూపిస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే పట్టీ సరిపోతుందని అనుకోవద్దు.

ఏడాదికి ఒకసారి మిషనును ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడి మిషనుతో పోల్చి చూపించుకోండి. బ్యాటరీలు నీరసించకుండా చూసుకోండి.

చూసుకునే ముందు

పొలం నుంచి వచ్చీ రాగానే బీపీ చూడవద్దు. నీళ్ల బిందె దించగానే చూడవద్దు. ఇంట్లో గొడవ జరిగిన వెంటనే చూడవద్దు. అప్పుడు ఎవరికైనా బీపీ పెరుగుతుంది.

చూడబోయే ముందు అరగంట పాటు టీ, కాఫీ తాగవద్దు. బీడీ, చుట్ట తాగవద్దు. పొగాకు నమలవద్దు. బరువు పనులు చెయ్యవద్దు.

ముందుగా మూత్రానికి పోయి రండి. మూత్రం ఆపుకుని కూర్చుంటే బీపీ పెరుగుతుంది.

తరవాత 5 నిమిషాలు ఊరకే కూర్చోండి. టీవీ వద్దు. ఫోను వద్దు. "ఊరకే కూర్చోడానికి మాకు తీరిక ఎక్కడుంది?" అంటారేమో. నిజమే, ఆడవాళ్లకు 5 నిమిషాలు దొరకడం కష్టమే. కానీ ఈ 5 నిమిషాలు మందుతో సమానం. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. పిల్లల్ని కాసేపు వేరే వాళ్లకు అప్పగించండి.

ఎలా కూర్చోవాలి?

కుర్చీలో కూర్చోండి. వీపు వెనక్కి ఆనించండి. రెండు పాదాలూ నేల మీద ఆనాలి. కాలు మీద కాలు వేసుకోవద్దు. మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చోవద్దు.

చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పక్కన బల్ల ఉంటే బల్ల మీద చెయ్యి పెట్టండి. బల్ల లేకపోతే స్టూలు మీద దిండ్లు పేర్చి దాని మీద పెట్టండి. దండచేతికి చుట్టిన పట్టీ రొమ్ము నడిమి ఎత్తుకు రావాలి. చేతిని మీరు పైకి ఎత్తి పట్టుకోవద్దు. బల్లే మొయ్యాలి. చెయ్యి వదులుగా ఉండాలి. పిడికిలి బిగించవద్దు.

చెయ్యి ఎక్కడుంటే ఏమిటి అంటారా? మన ఊరి నీళ్ల ట్యాంకును చూడండి. పల్లంలో ఉన్న ఇంటి కొళాయిలో నీళ్లు జోరుగా వస్తాయి. మిట్ట మీది ఇంట్లో సన్నగా వస్తాయి. రక్తం కూడా అంతే. చెయ్యి గుండెకన్నా కిందికి ఉంటే పోటు ఎక్కువ కనబడుతుంది. పైకి ఉంటే తక్కువ కనబడుతుంది. 10 సెంటీమీటర్లు కిందికి పోతే అంకె సుమారు 7, 8 పెరుగుతుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు 2024లో దీన్ని పరీక్షించి చెప్పారు. చెయ్యి బల్ల మీద పెట్టి చూశారు. ఒడిలో పెట్టి చూశారు. పక్కకు వేలాడదీసి చూశారు. ఒడిలో పెడితే పై అంకె సుమారు 4 ఎక్కువ వచ్చింది. వేలాడదీస్తే 6 కన్నా ఎక్కువ తేడా వచ్చింది. మనిషి అదే మనిషి. రక్తం అదే రక్తం. చెయ్యి పెట్టిన చోటు మారింది, అంతే.

పట్టీ ఎలా చుట్టాలి?

పట్టీ ఒంటి మీదనే చుట్టాలి. జాకెట్టు మీద, పైట మీద చుట్టవద్దు. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిస్తే అది చేతిని నొక్కేస్తుంది. అంకె తప్పుతుంది. కాబట్టి వదులు చేతుల జాకెట్టు గానీ నైటీ గానీ వేసుకోండి. దండకడియం ఉంటే తియ్యండి. దండకు తాయెత్తు కట్టి ఉంటే పట్టీ దాని మీద పడకుండా చూడండి.

మోచేతి మడతకు రెండు వేళ్ల పైన పట్టీ అంచు ఉండాలి. పట్టీ మీద ఒక బాణం గుర్తు గానీ గీత గానీ ఉంటుంది. అది చేతి లోపలి వైపుకు, నాళం మీదికి రావాలి. పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఆ తరవాత ఎప్పుడూ ఆ చేతికే చూడండి. రెండు చేతులకూ 10 కన్నా ఎక్కువ తేడా మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ అయినవాళ్లు, డయాలిసిస్ కోసం చేతికి ఆపరేషన్ అయినవాళ్లు ఏ చేతికి చూడాలో డాక్టరును అడగాలి.

మాట్లాడవద్దు

మిషను పని చేస్తుండగా ఇలా జరుగుతుంది చూడండి.

"అత్తయ్యా, పట్టీ నొప్పిగా ఉందా?"

"కొంచెం బిగిసిందే. అవునుగానీ, గేదెకు గడ్డి వేశావా?"

"వేశాను. మీరు మాట్లాడకండి అత్తయ్యా. మాట్లాడితే బీపీ పెరుగుతుందంట."

"సరేలేమ్మా, నోరు మూసుకుంటాను!"

కోడలు చెప్పింది నిజం. కానీ ముందు పలకరించింది ఆమే. చూసేవాళ్లూ మాట్లాడకూడదు. చూపించుకునేవాళ్లూ మాట్లాడకూడదు. అది అయ్యాక ఎన్ని కబుర్లయినా చెప్పుకోవచ్చు.

మూడు అంకెలు

మిషను మీద మూడు అంకెలు కనబడతాయి. మామూలుగా పై వరుసలో ఉండేది బీపీ పై అంకె. రెండో వరుసలో ఉండేది బీపీ కింది అంకె. మూడో వరుసలో ఉండేది నాడి. అంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క. "నా బీపీ 72" అని కొందరు చెబుతుంటారు. అది బీపీ కాదు, నాడి.

ఒకసారి చూసి ఆపవద్దు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. మొదటిసారి అంకె ఎక్కువ రావడం మామూలే. కంగారు వద్దు. రెండూ రాసుకోండి.

పుస్తకంలో రాద్దాం

బీపీ పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది. ఈరోజుకూ రేపటికీ మారుతుంది. ఒక్క అంకెను చూసి సంతోషపడవద్దు. ఒక్క అంకెను చూసి భయపడవద్దు.

డాక్టరు దగ్గరికి పోయే ముందు 7 రోజులు వరసగా చూడండి. పొద్దున లేచాక, టిఫిను తినక ముందు, మాత్ర వేసుకోక ముందు రెండుసార్లు చూడండి. రాత్రి అన్నానికి ముందు రెండుసార్లు చూడండి. తారీకు, వేళ, రెండు అంకెలు పుస్తకంలో రాయండి. తగ్గించి రాయవద్దు. పెంచి రాయవద్దు. నచ్చని అంకెను వదిలిపెట్టవద్దు.

ఒక రోజు ఇలా రాశామనుకోండి:

పొద్దున మొదటిసారి – 148, 92
పొద్దున రెండోసారి – 142, 88
రాత్రి మొదటిసారి – 138, 86
రాత్రి రెండోసారి – 136, 86

పై అంకెలు నాలుగూ కూడితే 564. దాన్ని 4తో భాగిస్తే 141. కింది అంకెలు నాలుగూ కూడితే 352. దాన్ని 4తో భాగిస్తే 88. ఈ రోజు సగటు 141, 88.

మొదటి రోజు అంకెలు లెక్కలో కలపరు. మిగిలిన 6 రోజుల సగటు తీస్తారు. ఆ లెక్క కష్టమైతే చింత లేదు. మీరు అంకెలు సరిగ్గా రాసుకుపోతే చాలు. నర్సమ్మ లెక్క వేస్తుంది.

ఎంత ఉంటే ఎక్కువ?

ఆసుపత్రిలో చూస్తే పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ వస్తుంటే ఎక్కువ బీపీ అంటారు. ఇంట్లో చూస్తే సగటు 135 గానీ 85 గానీ ఉన్నా ఎక్కువే. రెండు అంకెల్లో ఏది ఎక్కువైనా లెక్కలోకి వస్తుంది.

ఇంటికీ ఆసుపత్రికీ ఈ తేడా ఎందుకు? ఆసుపత్రిలో భయం ఉంటుంది. తెల్లకోటు చూడగానే కొందరికి గుండె దడదడలాడుతుంది. ఇంకొందరికి ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువ ఉంటుంది. వీళ్ల జబ్బు ఆసుపత్రిలో బయటపడదు. ఇంట్లో రాసిన పుస్తకమే బయటపెడుతుంది.

180 గానీ 120 గానీ దాటితే 5 నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరును కలవండి. గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక చెయ్యీ కాలూ చచ్చుబడడం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనబడినా అంకె కోసం ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

కడుపుతో ఉన్నవాళ్ల సంగతి వేరు. గర్భిణికి 140 గానీ 90 గానీ వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చెయ్యవద్దు. ఫిట్స్ రావచ్చు. దాన్నే మన పల్లెల్లో గుర్రపువాతం అంటారు. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం.

అంకె తగ్గిందని మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. మాత్ర వేసుకుంటున్నందుకే అంకె తగ్గింది. అంకె పెరిగిందని ఇంకో మాత్ర కలిపి మింగవద్దు. మార్చాలో వద్దో పుస్తకం చూసి డాక్టరు చెబుతారు.

మిషను లేకపోతే?

కొనలేకపోతే దిగులు పడవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉపకేంద్రంలో బీపీ ఉచితంగా చూస్తారు. 30 ఏళ్లు దాటిన అందరికీ చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. బీపీని అదుపు చేసే కార్యక్రమం ఒకటి 2017లో మన దేశంలో మొదలైంది. మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. సంఘంలో పదిమంది కలిసి ఒక మిషను కొనుక్కోవచ్చు. పట్టీలు మాత్రం రెండు కొలతలవి తీసుకోండి.

ఆసుపత్రిలోనూ మన పద్ధతి మరవవద్దు. వరసలో నిలబడి నిలబడి కుర్చీలో కూర్చోగానే పట్టీ చుడితే, "అమ్మా, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడండి" అని నర్సమ్మను అడగండి. అలా అడగడం తప్పు కాదు. మనకు తెలుసు గనక అడుగుతున్నాం.

మరి మన బీపీ?

అత్తమామల బీపీ మనం చూస్తాం. ఇంటాయన మాత్రలు మనం గుర్తుచేస్తాం. మన బీపీ ఎప్పుడు చూసుకున్నాం? చాలామంది ఆడవాళ్లు కాన్పు అప్పుడు చూపించుకున్నదే ఆఖరు. ఈ మిషనుకు ఇంకొకరి సాయం అక్కరలేదు. మన పట్టీ మనమే చుట్టుకోవచ్చు. మన అంకె మనమే చదువుకోవచ్చు. మన పుస్తకంలో మనమే రాసుకోవచ్చు. నేర్చుకున్న అక్షరం, నేర్చుకున్న అంకె ఇందుకు పనికిరావాలి.

గుర్తుంచుకుందాం

• అరగంట ముందు నుంచి టీ, కాఫీ, పొగాకు వద్దు.
• మూత్రానికి పోయి వచ్చి, 5 నిమిషాలు ఊరకే కూర్చోవాలి.
• వీపు ఆనాలి. పాదాలు నేలకు ఆనాలి.
• సరిపోయే పట్టీని ఒంటి మీదనే చుట్టాలి.
• చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి.
• మాట్లాడకూడదు.
• ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. రెండూ రాయాలి.
• పుస్తకాన్ని డాక్టరుకు చూపించాలి. మాత్రలు సొంతంగా మానకూడదు.

మీరు చెప్పండి

1. చెయ్యి కిందికి వేలాడదీస్తే అంకె పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?
2. మిషను మీద 134, 84, 76 అని కనబడింది. ఇందులో నాడి ఏది?
3. 150, 144, 142, 140. ఈ నాలుగు అంకెల సగటు ఎంత?
4. మీ ఇంట్లో 30 ఏళ్లు దాటినవాళ్లు ఎంతమంది? ఈ ఏడాది బీపీ చూపించుకున్నది ఎవరు? మీరు చూపించుకున్నారా? మీ కేంద్రంలో అందరూ కలిసి మాట్లాడుకోండి.